కాళ్ళలో మందు

నేను కాళ్ళు ముందుగా పుట్టానట. అట్లా పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మా ఎమ్మిగనూరులో నమ్మకం. నాట్ల కాలమొస్తే మా అరుగు మీద ఎవరో ఒకరు బోర్లా పడుకునే ఉంటారు.

"ఊర్లో వాళ్ళ నడుములన్నీ తొక్కితివి. కన్నకూతురి వీపు తొక్కేకి ఏం రోగం నీకు?" అంది మా అత్త నాగలక్ష్మమ్మ.

తొమ్మిదో తరగతి చదివే నా కూతురు హిమబిందుకు వీపు పైభాగం గూనిలా వంగింది. బళ్ళారిలో డాక్టరు దాన్ని పడుకోబెట్టి చూశాడు. కూర్చునే తీరు వల్ల వచ్చిన వంపైతే పడుకుంటే పోతుందట, ఇది పోలేదు. ఎక్స్‌రేలో వెన్నుపూసలు గొడ్డలి పిడికి కొట్టే చీలల్లా ముందువైపు సన్నబడి ఉన్నాయి. ఎముక పెరిగే వయసులోనే బెల్టు కట్టాలి, వ్యాయామం చేయించాలి అన్నాడు. తొక్కించడం మాటెత్తితే కేకలేశాడు. ఈ వంపుకు ఊపిరితిత్తులు నలిగిపోతాయా అని అడిగాను.

"అంత దూరం పోలేదమ్మా."

పోలేదన్నాడు. పోదు అనలేదు.

బెల్టు బిగించబోతే హిమ గింజుకుంది. "వద్దుమా! బడిలో తాబేలంటాండారు. అవ్వ చెప్పినట్ల తొక్కు, పోతాది."

"తొక్కితే ఎముక ఇరుగుతాది."

"నువ్వు తొక్కితే హంపక్కకు ఇరగలేదే?"

అత్త నవ్వింది. "మీయమ్మ కాళ్ళలో మందు పరాయోళ్ళకేనంట, బిడ్డా."

అంతలో పక్కింటి హంపమ్మే నడుం పట్టుకొని వచ్చింది. "రోహిణక్కా, రవంత తొక్కు. వంగేకి అయితాలేదు." అలవాటుగా తనే చాప పరచుకుని పడుకుంది.

హిమ నా కాళ్ళకేసి చూస్తోంది. అత్త కూడా. ఇప్పుడు ఈమెను తొక్కానంటే ఇక బెల్టు దాని ఒంటి మీద నిలవదు. నేను ఇంట్లో లేని పూట అత్త ఎవరినో పిలిపించి నా బిడ్డ వెన్ను విరిపిస్తుంది.

"లెయ్యి హంపమ్మా. నా కాళ్ళల్లో ఏం మందూ లేదు. అంతా సుమ్నే, ఉత్త మాట."

"ఏందీ? ఇన్నేండ్లూ మాకు తగ్గింది ఉత్తదా?"

"దానంతటదే తగ్గింటాది. డాక్టరు కాడికి పో."

హంపమ్మ దిగ్గున లేచింది. "కాళ్ళకు కొవ్వెక్కినాది!" అంటూ చాపను తన్ని వెళ్ళిపోయింది.

అత్త చెంబు విసిరికొట్టింది. "ఊరి ముందర పరువు తీసితివి. ఇంక నీ చేతి కూడు ముట్టను."

"ముట్టొద్దులే అత్తా."

హిమ బెల్టుకేసి చూసింది. "అయితే ఆ బెల్టుతో తగ్గుతాదా?"

"కట్టకుంటే ఎక్కువైతాది. నాకు తెలిసింది అంతే."

నా ముఖం చూడకుండా, పళ్ళు కొరుకుతూ, చేతులు పైకెత్తింది. నేను పట్టీ లాగి బిగించాను.