అడ్డపొగా, ఆవకాయ ఉప్పూ

చుట్ట మానమని అప్పలనరసమ్మకు చెప్పనివాళ్లు ఇనుపగనుల ఊరు బచేలిలోని ఆ క్వార్టర్ల లైనులో లేరు. కొడుకు జయరావు గనిలో డ్యూటీ దిగి వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. "రోజంతా కొండమీద ఎర్రదుమ్ము మింగొచ్చి, నాకు సెప్పొచ్చావేట్రా?" అని ఒక్క మాటతో నోరు మూయించేది. పళ్ల డాక్టరు అద్దం పట్టి ఆమె అంగిలి ఆమెకే చూపించాడు. పెచ్చులూడిన గోడలా ఉంది. ఇంకా ముదరలేదు, ఇప్పుడు మానితే బాగుపడుతుంది అన్నాడు. "అరవై దాటాక బాగుపడి ఏటి సేత్తాను బాబూ?" అని లేచి వచ్చేసింది.

ఆమెది మామూలు చుట్ట కూడా కాదు, అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాల్చడం శ్రీకాకుళం వైపు ఆడవాళ్లలో ఉన్న అలవాటు. పెళ్లయిన కొత్తలో అత్తగారి దగ్గర అబ్బింది. ఊడుస్తున్నా, అంట్లు తోముతున్నా చేతికి అడ్డం లేదు. చుట్టలు కిరండూల్ పాసింజరు రైల్లో ఊరినుంచి కట్టలుగా వచ్చేవి.

చావుకు భయపడే మనిషి కాదామె. ఆమెను పడగొట్టింది ఆవకాయ.

ఏటా ఎండాకాలం ఆ లైనులోని ఆంధ్రావాళ్ల ఇళ్లన్నిటికీ ఆవకాయ కలిపేది అప్పలనరసమ్మే. ఎవరి కాయ, ఎవరి కారం వాళ్లు తెచ్చుకునేవారు. కలిపే చెయ్యి, ఉప్పు చూసే నాలుక మాత్రం ఆమెవి. ఆఫీసర్ల ఇళ్లవాళ్లు కూడా జాడీ పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడేవారు.

ఆ ఏడు కాయలు బజారుకు దిగుతున్నాయనగా పక్కింటి సూర్యకాంతాన్ని అడిగింది, "ఎన్ని కాయలు కొందామే?"

సూర్యకాంతం కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నసిగింది. "ఈ ఏడు మేమే కలుపుకుంటాం పిన్నీ. నీకెందుకు శ్రమ."

"శ్రమేటే? నిజం సెప్పు."

"సెప్తే కోపం రాకూడదు మరి. పోయినేడు ఆవకాయ ఉప్పుకషాయం. పచ్చి మామిడి ముక్కలు కలిపి కలిపి తిన్నాం. పెద్దదానివని ఎవలూ నోరిప్పనేదు."

అప్పలనరసమ్మ ఇంటికొచ్చి కోడలు ప్రమీలారాణిని నిలదీసింది. "నువ్వూ సెప్పనేదేటే?"

"చెప్తే వింటారా అత్తా? నేను వేసిన పప్పులో ఉప్పు చాల్లేదని మళ్లీ వేసేది మీరే. మీ అబ్బాయి చెంబుడు నీళ్లు పక్కన పెట్టుకుని తింటున్నాడు."

ఆమె జాడీ మూత తీసి, వేలితో ఊట ముట్టి నాలుకకు రాసుకుంది. చప్పగానే ఉంది. అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ కాలిన నోటితో ఊరందరికీ ఉప్పు చూస్తూ వచ్చింది తను. ఈ నోరు ఇలాగే ఉంటే, ఇక తన గుమ్మంలోకి జాడీ పట్టుకొచ్చేవాళ్లు ఉండరు.

రెండో చేతిలో కాలుతున్న చుట్టను నీళ్ల బకెట్లో ముంచింది. "ఒగ్గేసాను," అంది.

"ఎన్నాళ్లకి అత్తా?"

"నాను మాట తప్పడం ఎప్పుడైనా సూసావేటే?"

ఆ తర్వాత రోజులు ఇంట్లో అందరికీ గడ్డుగా గడిచాయి. గిన్నెలు దడదడలాడాయి. మనసు చుట్టమీదికి పోయినప్పుడల్లా ఎండు ఉసిరిపెచ్చు బుగ్గన పెట్టుకునేది. పాసింజరులో వచ్చిన కట్టను విప్పకుండానే తెచ్చినవాడి చేతే వెనక్కి పంపింది.

సంతలో కాయలమ్మే ముయె అనే గిరిజన స్త్రీ ఓ ముక్క కోసి, రుచి చూడమని అందించింది. "చఖో దాయీ, చఖో." అప్పలనరసమ్మ నమిలింది. ఎన్నో ఏళ్లుగా పులుపంటే ఆమెకు పళ్లు జివ్వుమనడమే. ఆ పూట నాలుక అంచుల్లో పులుపు కదిలింది. "ఖట్టా హై! బాగా ఖట్టా హై!" అంటూ గంపెడూ బేరమాడింది.

కలిపే రోజు వాకిట్లో పాత చీర పరిచి, ఎర్రదుమ్ము పడకుండా పైన మరొకటి కట్టారు. లైను ఆడవాళ్లు చూడ్డానికి వచ్చారు గానీ ఎవరి చేతిలోనూ జాడీ లేదు.

అప్పలనరసమ్మ కలిపి, ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పు తెలిసింది. కానీ సగమే తెలిసింది. అలవాటు కొద్దీ చెయ్యి ఉప్పు గిన్నెలోకి పోయి గుప్పెడు తీసింది. అందరి కళ్లూ ఆ గుప్పిటమీదే. ఆమె ఆగింది.

"ఓలె ప్రమీలా, ఇటు రా. నువ్వు సూడు."

ఆ లైనులో ఏ అత్తగారూ కోడలిచేత ఉప్పు చూపించుకోలేదు. ప్రమీలారాణి బెరుకుగా నమిలింది. "సరిపోయింది అత్తా. ఇంక వెయ్యకండి."

"నాకోసం సెప్తన్నావా?"

"మీకోసమే అయితే ఇంకో గుప్పెడు వెయ్యమనేదాన్ని."

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. అప్పలనరసమ్మ ఉప్పు తిరిగి గిన్నెలో వదిలేసింది.

"ఇన్నారు కదర్రా. నా నోరు ఇంకా బాగవ్వాల. ఈ ఏటికి నాలిక దీనిది, సెయ్యి నాది. వచ్చే ఏటికి రెండూ నావే. నమ్మకం ఉన్నోళ్లు కాయలు తెచ్చుకోండి. నమ్మకం నేనోళ్లు కూకుని కబుర్లాడి ఎల్లండి."

సూర్యకాంతం వంగి ముక్క తీసుకుని నెమ్మదిగా నమిలింది. లేచి వెళ్లిపోయింది. కాసేపటికి చంకన కాయల బుట్ట, చేతిలో జాడీతో వచ్చింది.

"నాది ముందు కలుపు పిన్నీ. మా ఆయనకి సెకండ్ షిఫ్టు."