తొడిమ దగ్గరి ముక్క

ముప్పై ఎనిమిదేళ్లుగా మా పెరట్లో కీరదోస పండిస్తున్నాను. ఒక్కటంటే ఒక్క కాయ చేదు తేలలేదు. ఒక ఏడాదైతే కాయ ఎంత పొడుగు సాగిందంటే, గోడ దాటి పక్కింటి వంటగది కిటికీలో తల పెట్టింది. వాళ్లు సగం కోసుకుని మిగతా సగం మర్యాదగా మాకు వదిలారు. "నీ చెయ్యి అలాంటిది బావా" అంటాడు మా బావమరిది. "చెయ్యి కాదోయ్, చూపు" అంటాను నేను.

చూపు మాట నిజమే. వరండాలో కుర్చీ వేసుకుని చూసేవాణ్ణి. విత్తు నాటింది, పందిరికి తాళ్లు కట్టింది, కుట్టుపనికి వెళ్లేముందు పన్నెండు బిందెలు మోసింది మా ఆవిడ. ఆకుల నూగు గీరుకుని మోచేతుల దాకా దద్దుర్లు తేలేవి. "గోక్కోకు, వచ్చినవాళ్లు చూస్తే బాగోదు" అనేవాణ్ణి. "అక్క చేసేదేముంది, నీళ్లు పొయ్యడమేగా!" అనేవాడు ఆవిడ సొంత తమ్ముడు.

మొన్న ఎండాకాలంలో మా అమ్మాయి వచ్చింది. వంటింట్లో వాళ్లమ్మ ప్రతి కాయకీ తొడిమ దగ్గర ముక్క కోసి, కొరికి చూసి, కొన్ని కాయలు పళ్లెంలోకీ కొన్ని తన గిన్నెలోకీ వేస్తోంది. వరండాలో ఉన్న నాకు అంతా వినబడుతూనే ఉంది.

"అవి వేరే పెట్టావేంటమ్మా?"

"చేదువి. నేను తినేస్తాలే."

"రోజూనా?"

"మీ నాన్న నోటికి తగలకూడదుగా."

ఆవిడ ఇంకో కాయ తొడిమ కోసింది. తర్వాత చెప్పింది. పెళ్లయిన రెండో ఏడు నేను పదిమంది ముందు ఒక ముక్క తుపుక్కున ఉమ్మి, "చేదు దీని చేతిలోనే ఉంది" అన్నానట. అన్నాను. అందరూ నవ్వారు, మా అమ్మ అందరికంటే గట్టిగా. చేదు తేలలేదన్నాను కదా, తేలింది.

"ఎండల్లో నీళ్లు అందకపోతే కాయ చేదెక్కుతుందే. ఆ నాలుగు రోజులూ నేను లేవలేకపోయాను. నీకంటే ముందొకటి కడుపులోనే పోయింది. పడుకున్న చోటి నుంచి కిటికీలో పాదు కనబడేది. ఆకులు వేలాడిపోతుంటే, ఎవరైనా ఒక చెంబెడు పోస్తారేమోనని చూశాను. నా గొంతు తడుపుకోవడానికి అడగాలంటేనే భయమేసింది, పాదుకేం అడుగుతాను?"

అమ్మాయి ఏడుస్తోంది. ఆవిడ ఏడవలేదు. "ఇంక నేను కొరకను" అంది, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

మర్నాడు మధ్యాహ్నం బావమరిది భోజనానికి వచ్చాడు. "కానియ్యి బావా, నీ పంట!" అన్నాడు. మొదటి ముక్కే కటిక చేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తోంది. నేను నెమ్మదిగా నమిలి, మింగి, "బావుంది" అన్నాను.

ఇంతసేపు చెప్పినదాంట్లో నేను కల్పించిన ఇంకోటి ఆ మింగడం. ఉమ్మేశాను, అందరి ముందూ. ఆవిడ తుడవడానికి గుడ్డ తేలేదు. తన కంచం తెచ్చుకుని, మా వరసలోనే కూర్చుని, అన్నం వడ్డించుకుంది.