మోకాళ్ల దాకా

ఫొటో తీస్తారంటే ఎవరైనా మొహం కడుక్కుంటారు. ఆమె మాత్రం పొద్దున్నే కొళాయి దగ్గర కూర్చుని మడమలు తోముకుంటోంది. ఫొటోల్లో ఆమె మోకాళ్ల దాకానే పడుతుంది మరి.

మొగుడు రెండు మెట్లున్న చెక్కపీటలు చేస్తాడు. ఆమె పీటెక్కి నిలబడితే, పీటనీ దాని మీది పాదాలనీ ఆయన ఫోన్లో తీసి అమ్మకానికి పెడతాడు. మొదటిసారి "మొహం కూడా పడనివ్వండి" అంటే, "కొనేది పీటనా, నిన్నా?" అని నవ్వాడు. తనూ నవ్వింది. అప్పుడెందుకు నవ్వి చచ్చానా అని ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది.

ఆయన చెడ్డవాడేం కాదు. చెక్కపనిలో చెయ్యి తిరిగినవాడు, అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. నోట్లోంచి మాట రావడమే కష్టం. బజారు నిండా ప్లాస్టిక్ స్టూళ్లు దిగాక, వర్క్‌షాపు మూసేసి గోడౌనుకి అద్దెకిచ్చేద్దామని తల పట్టుక్కూర్చున్నాడు. అప్పుడు చిన్న తయారీదార్ల సంఘం నుంచి ఓ అమ్మాయి వచ్చి ఆన్‌లైన్లో అమ్మడం ఎలాగో నేర్పింది. నేర్పింది ఆయనకి, వంటింటి గుమ్మంలో నిలబడి నేర్చుకుంది ఈమె. కొనేవాళ్ల మెసేజ్‌లకి జవాబులన్నీ ఈమే కొడుతుంది. "మా ఇబ్బంది మీకెలా తెలిసింది సార్?" అని ఆడవాళ్లు మురిసిపోతూ రాస్తారు. సార్‌గారు ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో "సంతోషం అమ్మా" అని కొడతారు. ఫోన్లో మాట్లాడటానికి మాత్రం వీల్లేదు. ఆడగొంతు వినబడితే సరుకు మీద నమ్మకం పోతుందట!

అసలు ఆ పీట ఎలా పుట్టిందనుకున్నారు? ఓ రోజు అటక మీది డబ్బా దించబోయి, ప్లాస్టిక్ స్టూలు మీంచి ఈమె ఢామ్మని పడింది. అత్తగారు పరిగెత్తుకొచ్చి "డబ్బా సొట్టపోలేదు కదే?" అంది. ఆ మాట ఇంట్లో అందరూ తల్చుకుని తల్చుకుని నవ్వుతారు. ఈమెకి మాత్రం నడుంనొప్పి తగ్గింది గానీ ఆ మాట తగ్గలేదు. మంచం మీంచి లేవకుండానే మొగుడితో వాదించింది. పాదం మొత్తం ఆనే మెట్టు కావాలి, పట్టుకోడానికి పక్కన కర్ర కావాలి. "ఎన్ని వేషాలే నీకు!" అన్నాడు. అన్నా, చేశాడు.

ఇవాళ మధ్యాహ్నం ఓ పెద్ద దుకాణాల కంపెనీవాళ్లతో వీడియోలో మాట్లాడాలి. సంఘం అమ్మాయే కుదిర్చింది. వాళ్లు పీటలు తీసుకుంటే వర్క్‌షాపు నిలుస్తుంది, లేకపోతే గోడౌనే గతి. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆమె దాని వెనకాల నిలబడి పెదాలతో జవాబులు అందించాలి. ఎక్కి చూపించమంటే పీటెక్కాలి, ఆయన కెమెరా కిందికి వంచుతాడు. "నువ్వు మాత్రం కనపడకు. ఇంట్లో ఆడవాళ్లతో నెట్టుకొస్తున్నాడు అనుకుంటారు" అన్నాడు. నిజంగా నెట్టుకొస్తున్నది అలాగే కదా, అని అడగాలనిపించి, పీట మీది దుమ్ము తుడిచింది.

లాప్‌టాప్‌లో కొనుగోళ్లు చూసే మేడమ్ కనబడింది. "కొన్నవాళ్లకి ఆన్‌లైన్లో మీరిచ్చిన జవాబులన్నీ చదివాను సార్, చాలా ఓపిక మీకు" అంది. ఆయన సిగ్గుపడుతూ తలూపాడు. చెక్క గురించి అడిగితే గడగడా చెప్పాడు. ఆమెకి ముచ్చటేసింది కూడా.

"ఆ పక్క కర్ర తీసేస్తే ధర తగ్గుతుంది, ప్లాస్టిక్‌తో పోటీ పడొచ్చు. అదెందుకు పెట్టారు సార్?" అంది మేడమ్.

ఆయన గబుక్కున ఇటు చూశాడు. ఆమె చెయ్యెత్తి చూపించింది, పెదాలతో చెప్పింది, కళ్లతో కూడా చెప్పింది. ఊహూఁ, ఆయనకి అర్థం కాలేదు. అప్పట్లో ఆమె చెప్పిందంతా వేషాలని కొట్టిపారేశాడు కదా, గుర్తెక్కడుంటుంది?

"అందానికండీ," అన్నాడు. "తీసేయొచ్చు."

తీసేయొచ్చట! కళ్లు తిరిగే జబ్బున్నా ధైర్యంగా ఎక్కుతున్నానని రాసిన పెద్దావిడ గుర్తొచ్చింది. ఏడో నెలలో ఆ కర్ర పట్టుకునే సామాన్లు దించుకున్నానన్న పిల్ల గుర్తొచ్చింది. డబ్బా సొట్టపోలేదు కదే అన్న గొంతు చెవిలో గింగురుమంది. కోపం తన్నుకొచ్చింది. మొగుడి మీద కాదు, ఇన్నాళ్లూ పెదాలతో మాత్రమే మాట్లాడిన తన మీద.

"ఒకసారి ఎవరైనా ఎక్కి చూపిస్తారా?" అంది మేడమ్. ఆయన కెమెరా కిందికి వంచి, రమ్మని సైగ చేశాడు.

ఆమె పీట తెచ్చి కెమెరా ముందు వేసింది. ఎక్కలేదు. చీర సర్దుకుని దాని కింది మెట్టు మీద కూర్చుంది. పాదాల కోసం వంచిన కెమెరాలో ఆమె మొహం నిండుగా పడింది.

"కర్ర తియ్యకండి మేడమ్. ఒక చేతిలో డబ్బా ఉంటుంది కదా, రెండో చేతికి పట్టు ఉండొద్దూ? అది లేక కిందపడ్డదాన్ని నేనే" అంది.

మేడమ్ ముందుకి వంగి చూసింది. "మీరెవరండీ?"

"మా ఆవిడండీ..." అని ఆయన అందుకోబోయాడు.

"ఇందాక మీరు మెచ్చుకున్నారే, ఆ సార్‌ని నేనే" అంది ఆమె.