జ్వరం లేని రోజు

"నార్మల్‌కి వచ్చేసింది," అన్నారు మా ఆయన, థర్మామీటరుని కిటికీ వెలుతురుకేసి తిప్పి చూస్తూ. ఆ వెంటనే, ఊపిరైనా తీసుకోకుండా, "నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావు?" అన్నారు.

ఎక్కడ పెట్టానా అని మంచం మీద పడుకునే ఆలోచించాను. నిజానికి నేను పెట్టలేదు. ఫ్లూ పట్టుకున్నప్పటి నుంచి ఈ ఇంట్లో ఏ వస్తువునీ నేను ముట్టుకోలేదు, నన్నెవరూ ముట్టుకోనివ్వలేదు కూడా. అయినా చొక్కా ఎక్కడుందో నాకు తెలుసు. వాషింగ్ మిషన్‌లో ఉంటుంది, తిరిగాక తీసి ఆరేయాలని ఎవరికీ తోచి ఉండదు, ఈపాటికి వాసన కొడుతూ ఉంటుంది. అదే చెప్పాను. ఆయన వెళ్ళి చూసొచ్చి, "అవును, కంపు కొడుతోంది," అన్నారు, ఆ కంపుకి సంజాయిషీ నేనే ఇచ్చుకోవాలన్నట్టు. థర్మామీటరుని దాని గొట్టంలో పెట్టి, మూత బిగించి, అలమరా పైఅరలోకి తోసేశారు.

ఇది అందరికీ వచ్చే జలుబూ దగ్గూ కాదు. ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో దేనికది నొప్పెట్టి చెప్పింది. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్ళు టకటకలాడాయి. గొంతు పూర్తిగా పోయింది. డాక్టరమ్మ నా ఛాతీ మీదా వీపు మీదా చాలాసేపు విని, "ఇంకొంచెం ముదిరితే నిమోనియా అయ్యేది. జ్వరం తగ్గేదాకా మందులు వాడండి. తగ్గాకే అసలు జాగ్రత్త. కనీసం ఓ వారం మంచం దిగనివ్వకండి, అలిసిపోతే తిరగబెడుతుంది," అని ఆయనకి చెప్పింది. నాకు వినే ఓపిక లేదనుకుంది గానీ, నేను విన్నాను. ఆయన మందులు కొని తెచ్చారు. ఆ రెండో సగం మందుల షాపులో దొరకదు కాబట్టి తేలేదు.

జ్వరం ఉన్నన్నాళ్ళూ నన్ను బాగానే చూశారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. మా అత్తయ్య గది లోపలికి రాలేదు గానీ, గుమ్మం దగ్గర స్టూలు మీద బ్రెడ్డూ పాలూ వేళకి పెట్టేవారు. ఆయన హాల్లో సోఫా మీద పడుకున్నారు. పొద్దునా సాయంత్రమూ ముక్కుకి మాస్కు కట్టుకుని వచ్చి, నా నోట్లో థర్మామీటరు పెట్టి, చూసి, "నూట మూడు!" అని ఇల్లంతా వినిపించేలా ప్రకటించేవారు. ఆ అంకె వినగానే హాల్లో టీవీ గొంతు తగ్గేది. మా అమ్మాయి మునివేళ్ళ మీద నడిచేది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో నా నోటి మాటకి లేని విలువ నా నోట్లో పెట్టిన గాజుపుల్లకి ఉందని ఆ మూసిన కళ్ళతోనే గమనించాను. తలనొప్పిగా ఉందండీ అని నేనంటే "నాకూ ఉంది" అనే మనిషి, పాదరసం చెబితే మాత్రం మారుమాట్లాడకుండా నమ్మేశారు.

ఇప్పుడు ఆ పాదరసమే నార్మల్ అంది. ఆ పూట స్టూలు మీదికి బ్రెడ్డు రాలేదు. చాలాసేపు ఎదురుచూశాను. "అమ్మా, నా సాక్సులు?" అని మా అమ్మాయి అరుపు వచ్చింది. తర్వాత అత్తయ్య గుమ్మంలో నిలబడి, "జ్వరం పోయిందటగా అమ్మాయ్. లేచి కాస్త అటూ ఇటూ తిరుగు, నీరసం అదే పోతుంది," అన్నారు. ఆవిడ ఒక చేత్తో తలుపు పట్టుకుని ఉన్నారు. నేను పడుకున్నన్నాళ్ళూ వంటా గిన్నెలూ ఆవిడ మీదే పడ్డాయి, మోకాళ్ళు అరిగిపోయిన మనిషి మీద. ఆ పట్టుకున్న చేతిని చూసే లేచాను.

గోడ పట్టుకుని వంటగదికి వెళ్ళాను. సింకులో గిన్నెలు కుప్పగా ఉన్నాయి. ఎవరిళ్ళల్లోనైనా జ్వరం పడ్డ మనిషి లేచేసరికి దుప్పట్లు మారుస్తారేమో, మా ఇంట్లో గిన్నెలు నానబెట్టి ఉంచారు. కప్పులు కడిగి, పాలగిన్నె తోముతుండగా కళ్ళు బైర్లు కమ్మాయి. సబ్బు చేతులతోనే నేల మీద కూర్చుండిపోయాను. "మంచం మీద పడి ఉంటే కాళ్ళు అలాగే తయారవుతాయి," అన్నారు అత్తయ్య, గట్టు ఊతంగా వంగి నేను వదిలేసిన స్క్రబ్బరు అందుకుంటూ. కాసేపటికి లేచి మళ్ళీ నేనే తీసుకున్నాను. ఆవిడ కడుగుతుంటే చూడలేను, నేను కడగలేను. ఇద్దరం చెరో గిన్నె పట్టుకుని ఎలాగో అయిందనిపించాం. సాయంత్రం ఆయన వచ్చి చుట్టూ చూసి, "ఇవాళ ఇల్లు కాస్త ఇల్లులా ఉంది," అన్నారు. అప్పటికి నాకు నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది, ఊపిరి తీస్తే ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి.

"డాక్టరమ్మ వారం మంచం దిగొద్దందిగా," అన్నాను.

"జ్వరం ఉంటే. ఇప్పుడు లేదుగా. నేనే చూశాను కదా!"

మర్నాడు పొద్దున నేనే జ్వరం వచ్చినట్టుందన్నాను. ఆయన థర్మామీటరు నా నోట్లో పెట్టి గడ్డం గీసుకోవడానికి వెళ్ళారు. పుక్కిలించడానికి పెట్టుకున్న వేడినీళ్ళ ఫ్లాస్కు తలాపునే ఉంది. మూత తీశాను. ముంచాను. పాదరసం ఒక్క ఉదుటున చివరిదాకా ఎగబాకింది. అంత జ్వరం ఉంటే మనిషి బతికుండదు. థర్మామీటరుని విదిలించి, మళ్ళీ ముంచి, మళ్ళీ విదిలించి, చివరికి నమ్మదగ్గ అంకె దగ్గర ఆపి నోట్లో పెట్టుకున్నాను. బడి ఎగ్గొట్టాలని కడుపునొప్పి నటించే పిల్ల నయం, దానికి నిజంగా ఏ నొప్పీ ఉండదు. నాకు ఒళ్ళు నిజంగానే బాగాలేదు. బాగాలేని దాన్ని, బాగాలేనట్టు నటించాల్సి వచ్చింది. అంత సిగ్గు నాకెప్పుడూ వేయలేదు.

"మళ్ళీ నూట ఒకటా!" అన్నారు ఆయన, ఒక బుగ్గకి నురగతో. మంజూరైన సెలవు రద్దయినవాడిలా మొహం వేలాడేశారు. ముందు ఆయన మీద జాలేసింది. తర్వాత ఆ జాలి పడ్డందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

స్టూలు మీదికి బ్రెడ్డు వచ్చింది. అత్తయ్య ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చి నా నుదుటి మీద చెయ్యేశారు. నుదురు చల్లగా ఉందని నాకు తెలుసు. ఆవిడ నన్ను చూశారు. మూత సరిగ్గా పడని ఫ్లాస్కుని చూశారు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. ఇక సాయంత్రానికి ఇంట్లో పంచాయితీ తప్పదనుకున్నాను. మా అమ్మాయి బడి నుంచి వచ్చి తలుపు సందులోంచి, "ఇవాళ నీ పక్కన పడుకోవచ్చనుకున్నానమ్మా. నూట ఒకటట, రావద్దన్నాడు నాన్న," అంది. నేను దగ్గాను.

అంతలో ఆఫీసు నుంచి ఫోను. మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు మీట నొక్కితే ఆ కాల్ వచ్చేది నాకు. మెకానిక్ వెళ్ళేదాకా వాళ్ళతో మాట్లాడుతూ ఉండటమే నా పని. భయపడకండి, గాలి ఆడుతుంది, తలుపులు లాగకండి అని చెప్పాలి. అరిచేవాళ్ళుంటారు, తిట్టేవాళ్ళుంటారు, ఏడ్చేవాళ్ళుంటారు. ఎవరెన్నన్నా నా గొంతు పెరగకూడదు. పెళ్ళయ్యాక దొరికిన ఉద్యోగం కాబట్టి ఆ విద్య నాకు కొత్తగా నేర్పనక్కర్లేకపోయింది.

"జ్వరం ఎంతుంది మేడమ్?" అన్నాడు సూపర్‌వైజరు.

"నూట ఒకటి సార్." నా అబద్ధం ఆఫీసుకి కూడా చేరింది.

"అయ్యో. అయితే ఆఫీసుకి రావద్దులెండి. కాల్స్ మీ ఫోనుకి మళ్ళిస్తాను. పడుకునే ఎత్తొచ్చు. మాట్లాడటమేగా!"

కుదరదు అనాలనుకున్నాను. దగ్గు తెర అడ్డొచ్చింది. అది ఆగేసరికి అతను థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

కాసేపటికి మొదటి కాల్ వచ్చింది. ఎవరో ఆడమనిషి.

"లిఫ్టు ఆగిపోయిందండీ," అంది.

"భయపడకండి. గాలి ఆడుతుంది. తలుపులు లాగకండి. మెకానిక్‌ని పంపిస్తున్నాను."

"తొందరేం లేదండీ. నిదానంగా రమ్మనండి."

భయంతో ఒక్కోసారి మనుషులు ఇలాగే మాట్లాడతారు. ఏదో ఒకటి అడుగుతూ మాటల్లో పెట్టాలి. "ఒక్కరే ఉన్నారా? కూర్చోగలరా?" అన్నాను, మెకానిక్‌కి మెసేజీ పంపుతూ.

"ఎప్పుడో కూర్చున్నాను. కూరగాయల సంచీకి ఆనుకుని, కాళ్ళు బార్లా చాపుకుని. చెప్పులు కూడా విప్పేశాను."

"ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేయమంటారా?"

"చేసేశానండీ. లిఫ్టులో ఇరుక్కున్నానంటే అయ్యో అన్నారు. వంట ఆలస్యమవుతుందన్నాను. పర్లేదు, నువ్వు కంగారుపడకు అన్నారు." ఆవిడ నవ్వింది. "పర్లేదు అన్న మాట ఆ ఇంట్లో ఇదే మొదటిసారి వినడం. ఏ అంతస్తులో ఆగిందో కూడా తెలీదు, ఎంత హాయిగా ఉందో! అవునూ, మీ గొంతేంటండీ అలా ఉంది?"

"ఫ్లూ అండీ."

"మరి ఫోనెందుకు ఎత్తారు?"

ఆ ప్రశ్నకి మా ట్రైనింగులో జవాబు చెప్పలేదు. నోరు తెరిస్తే దగ్గు వచ్చింది. అది ఎంతకీ ఆగలేదు. ఆవిడ అంతసేపూ ఆగి, "మీరు మాట్లాడకండి. ఊరికే వినండి, నేను మాట్లాడతాను," అంది. కూరగాయలు బాగోలేవనీ, చిన్నప్పుడు తను బాగా పాడేదనీ, ఈ లిఫ్టులో పాడితే గొంతు గుయ్యిమంటుందేమో చూడాలనుందనీ ఏవేవో చెప్పింది. నేను దిండు మీద తల వాల్చి విన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అవతలివాళ్ళు నన్ను ఊరుకోబెట్టడం అదే మొదలు. ఇంతలో లిఫ్టు తలుపు మీద సుత్తి చప్పుడు. "వచ్చేశాడండీ," అంది, ఒక్కసారిగా నీరుగారిపోయి. తలుపు తెరుచుకుంది. ఎవరో మగగొంతు, "ఎంతసేపే! పద పద, పిల్లలు ఆకలంటున్నారు," అంటోంది. లైను తెగిపోయింది.

నేను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ఉండిపోయాను. ఆవిడ కాసేపు కూర్చోవాలంటే లిఫ్టు చెడిపోవాలి. నేను పడుకోవాలంటే ఒళ్ళు చెడిపోవాలి, అదీ థర్మామీటరులో పట్టేంతగా. ఏడుపొచ్చింది. ఎందుకు ఆపుకోవాలో తెలియక ఏడ్చాను. తర్వాత సూపర్‌వైజరుకి "కాల్స్ తీసుకోలేను, డాక్టర్ సర్టిఫికెట్ పంపిస్తాను" అని మెసేజీ పెట్టి ఫోను ఆపేశాను. సాయంత్రం ఏ పంచాయితీ జరగలేదు. అత్తయ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు.

తెల్లవారాక ఆయన మాస్కు కట్టుకుని థర్మామీటరుతో వచ్చారు. "ఊఁ, నోరు తెరువు."

"అక్కర్లేదు. జ్వరం లేదు."

"నీకెలా తెలుసు?"

"నిన్న కూడా లేదు. వేడినీళ్ళలో ముంచాను."

ఆయన మాస్కు కిందకి లాగారు. "అబద్ధం ఆడావా నాతో?"

"ఆడాను. నిజం చెబితే వినలేదుగా మీరు. జ్వరం లేదు. అయినా ఇవాళ లేవను. రేపూ లేవను. ఈ ఆయాసం పోయాక లేస్తాను." గొంతు బొంగురుగా వచ్చింది గానీ వణకలేదు.

ఆయన చేతిలో ఉన్న థర్మామీటరుకేసి చూశారు, అదేమైనా తన వైపు మాట్లాడుతుందేమోనని. అది మాట్లాడలేదు. అప్పుడు ఎప్పుడూ తప్పని బాణం తీశారు. "మరి పని? అమ్మ చేయాలా అంతా? ఆవిడ మోకాళ్ళ సంగతి తెలీదూ నీకు? కాస్తైనా జాలి ఉండక్కర్లేదా?"

ఆ మాటకి నేను ఎన్నిసార్లు లేచానో లెక్కలేదు. పురిటి మంచం మీంచి లేచాను, కాలు బెణికినప్పుడు లేచాను. ఇప్పుడు కూడా నా చెయ్యి దుప్పటి తీయబోయింది. గుమ్మంలో అత్తయ్య ట్రేతో నిలబడి ఉన్నారు, భుజాన్ని తలుపుకి ఆనించి. తన మోకాళ్ళ గురించి అంత బాధపడుతున్న కొడుకు వెనక్కి తిరిగి ఆ ట్రే అందుకోలేదు. అది నేను చూశాను. నేను చూశానని ఆవిడా చూశారు.

"అత్తయ్యా," అన్నాను, "ఆ ట్రే ఆయనకిచ్చేయండి. మీరూ వచ్చి కూర్చోండి."

నాకు భయమేసింది. ఆవిడ ఇప్పుడు "నేనింకా చచ్చిపోలేదు, నేను చేస్తాలే" అంటే, నేను లేవక తప్పదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

అత్తయ్య కొడుకు దగ్గరికి వచ్చి ట్రే ఆయన చేతుల్లో పెట్టారు. థర్మామీటరుతో సహా దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక ఆయన తడబడ్డారు. ఆవిడ మంచం అంచున కూర్చుని, ఒక కాలు చేతులతో ఎత్తి పైన పెట్టుకున్నారు, తర్వాత రెండోది. నా దుప్పటి కొస మోకాళ్ళ మీదికి లాక్కున్నారు. అప్పుడు తల తిప్పి, "స్టవ్ మీద పాలున్నాయిరా," అన్నారు, "పొంగకముందే వెళ్ళు."