ఖాళీ వదిలిన చోటు

ఎస్సై చేతిలోని కాయితాల కట్టలో పైకాయితం మీది చేతిరాత తనదేనని బర్నబాస్ దూరం నుంచే గుర్తుపట్టాడు.

భట్టిప్రోలు పాలెంలో పొద్దు బారెడెక్కింది. కూలి పెంచేదాకా కొడవలి పట్టేది లేదని సంఘం చెప్పి పదకొండు రోజులైంది. జీపు తిన్నగా సంఘం పెద్ద మార్కు ఇంటిముందే ఆగింది. చొక్కా తొడుక్కోనివ్వకుండానే పోలీసులు ఆయన్ని వాకిట్లోకి లాగారు.

"ఏం చేశాడండి ఆయన?" మార్కు భార్య రాహేలు జీపుకు అడ్డం పడింది.

"సుబ్బారావు గారి కుప్ప తగలబెట్టమని కాలేజీ కుర్రాళ్లని ఎగదోశాడు. జరుగు."

"ఏ కుప్పయ్యా? తుఫానుకు తడిసి మొలకలొచ్చిందే, అదా?" గుంపులోంచి ముసలి బసవమ్మ అరిచింది. "గొడ్డు మూతి పెట్టని కుప్ప! దాన్ని అంటించే ఓపిక మాకెక్కడిది? ఆయన మనుషులే అంటించుకుని ఆయన మనుషులే ఆర్పుకున్నారు."

"ఈ అరుపులు కోర్టులో అరుచుకో. ఇరవై ముగ్గురు కాలేజీవాళ్లు ఇంగ్లీషులో రాసిచ్చారు." ఎస్సై పైకాయితం తీసి మార్కు మొహం ముందు ఆడించాడు. "మొదటిది నీ కొడుకుదే. చూసుకో. ఎంత బాగా రాశాడో!"

మార్కుకు చదవడం రాదు. అయినా కాయితం వంక చూశాడు, తరవాత కొడుకు వంక చూశాడు.

"ఏంట్రా ఇది?"

బర్నబాస్ నోరు తెరిచేలోపే జీపు కదిలింది. పాలెం మొత్తం అతని వైపు తిరిగింది. అడుగు ముందుకు వేయడానికీ చోటు లేదు, వెనక్కి వేయడానికీ లేదు.

బర్నబాస్ తెనాలిలో బి.ఏ. రెండో ఏడు చదువుతున్నాడు. భట్టిప్రోలులో వంద ఎకరాల ఆసామి సుబ్బారావే ఆ కాలేజీకి కరస్పాండెంటు. చేలో కూలి ఎంతో చెప్పేది ఆయనే, పరీక్షకు ఎవరు కూర్చోవాలో చెప్పేదీ ఆయనే.

పదకొండో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చినవాళ్లకు అక్కడ చరిత్ర ఇంగ్లీషు, ఎకనామిక్స్ ఇంగ్లీషు, చివరికి నోటీసు బోర్డు మీద సెలవు కూడా ఇంగ్లీషే. ఇంగ్లీషు లెక్చరరు వరప్రసాదం నల్లబల్లమీద రాసేవాడు. క్లాసు తల ఎత్తకుండా ఎక్కించుకునేది. పరీక్షలో దించేది. ఎక్కించడం, దించడం. బస్తాల పని లాంటిదే. బస్తాలో ఏముందో మోసేవాడికి అక్కర్లేదు. ఆ పనిలో బర్నబాస్‌ను మించినవాడు లేడు. అతని రాత అచ్చు గుద్దినట్టు ఉండేది. "చూడండర్రా, ఇదీ రాతంటే" అని వరప్రసాదం మాస్టారు అతని నోటుబుక్కు క్లాసంతా తిప్పేవాడు.

యూనివర్సిటీ పరీక్షకు పంపే ముందు కాలేజీ ఒక సెలెక్షన్ పరీక్ష పెట్టేది. అందులో రైల్వే స్టేషను మీద వ్యాసం అడిగితే బర్నబాస్ వరదల మీద వ్యాసం దించాడు. ఒక్క తప్పు లేకుండా దించాడు. సున్నా వచ్చింది. మొత్తం ఇరవై ముగ్గురు తప్పారు.

ఆ ఇరవై ముగ్గుర్నీ ఒకరోజు ఒక గదిలో కూర్చోబెట్టారు. పరీక్షకు అనుమతి కోరుతూ దరఖాస్తు రాసుకోమన్నారు. మాస్టారు బల్లమీద రాశాడు. మొదటి వాక్యం అందరికీ తెలిసిందే: మిమ్మల్ని వేడుకొంటున్నాను. చివరి వాక్యమూ తెలిసిందే: మీ విధేయుడు. మధ్యలో ఒక చోట గీత గీసి ఖాళీ వదిలాడు.

"అదేంటి సార్?" అని ఎవరో అడిగారు.

"ఆఫీసులో నింపుతారు. మీరు దించండి" అన్నాడు మాస్టారు, బల్ల వైపే తిరిగి.

అందరూ దించారు. బర్నబాస్ అలవాటు కొద్దీ రెండుసార్లు దించాడు. ఒకటి కాలేజీకి. ఒకటి తన నోటుబుక్కులోకి.

జీపు వెళ్లిన గంటకు రేపల్లె నుంచి తెనాలి ప్యాసింజరు వచ్చింది. బర్నబాస్ ఆ నోటుబుక్కు పట్టుకుని ఎక్కాడు. పెట్టెలో ఎప్పటివాళ్లే ఉన్నారు. రేపల్లెలో నర్సు సరోజ గారి కూతురు కుమారి, సముద్రం వైపు పల్లెకారుల కుర్రాడు నాగులు, ఇంకో నలుగురు. అందరూ ఆ ఇరవై ముగ్గురిలోవాళ్లే.

విషయం వినగానే కుమారి సంచీలోంచి వాళ్లమ్మ పాత నిఘంటువు తీసింది. "చదువు. ఒక్కొక్క మాటే చదువు."

బర్నబాస్ వేలు పెట్టి చదివాడు. కుమారి పేజీలు తిప్పింది. పెట్టె కిటికీల నిండా కోయని చేలు వెనక్కి పరుగెత్తుతున్నాయి.

"ఇన్‌సైట్... రెచ్చగొట్టుట" అంది కుమారి.

"తరవాతది ఆర్సన్."

ఆమె వేలు ఆ మాట కింద ఆగింది. "ఒకరి ఆస్తికి కావలెనని నిప్పు పెట్టుట."

వేమూరు దాటింది. జంపనిలో బండి ఆగేసరికి వాక్యం మొత్తం తెలుగులోకి వచ్చింది: ఫలానా వ్యక్తి కుప్పలకు నిప్పు పెట్టమని మమ్మల్ని రెచ్చగొట్టెను, మేము నిరాకరించితిమి.

"ఫలానా అంటే ఎవడ్రా?" అన్నాడు నాగులు. "ఇక్కడ గీతే ఉందిగా."

"మా నాన్న" అన్నాడు బర్నబాస్. "గీత మీద మా నాన్న పేరు రాసుకున్నారు."

జంపనిలో ఎక్కిన బాపయ్యకు సంగతి చెప్పారు. అతనూ ఆ ఇరవై ముగ్గురిలోవాడే, రెండెకరాల రైతు కుటుంబం. కూర్చోకుండానే విన్నాడు.

"అయితే కోర్టుకెళ్లి ఏం చెబుతాం? మాకు ఇంగ్లీషు రాదండి, అర్థం తెలీకుండా రాశామండి అనా? ఆ మాట అన్నాక హాల్ టికెట్టు ఎవడిస్తాడ్రా? మా వంశంలో ఎస్సెల్సీ దాటినవాణ్ణి నేనొక్కణ్ణే."

"మా వంశంలో బడి మెట్టెక్కిందే నేను" అన్నాడు నాగులు. "మా అమ్మ గంగరత్నం చేపల గంప ఎత్తుకుని వీధుల్లో తిరుగుతూ నా కొడుకు దొరల భాష చదువుతున్నాడని చెప్పుకుంటుంది. ఆవిడకేం చెప్పను? దొరలు చెప్పింది రాస్తున్నానని చెప్పనా?"

ఎవరికీ నవ్వు రాలేదు. వల ఎంత నేర్పుగా వేశారో అప్పుడు తెలిసింది. అర్థం తెలిసే రాశామంటే మార్కు జైలుకు. తెలియక రాశామంటే తాము ఇంటికి.

సాయంత్రం ఎనిమిదిమందీ తెనాలి పక్కనున్న అంగలకుదురు నడిచివెళ్లి వరప్రసాదం మాస్టారు అద్దె ఇంటి తలుపు కొట్టారు. ఆయన వాళ్లని లోపలికి లాగి గడియ పెట్టాడు.

"నేను కూర్చింది కాదురా అది. టైపు చేసిన కాయితం వచ్చింది. నా ఉద్యోగం టెంపరరీ. కాయితంలోది బల్లమీదికి ఎక్కించాను. మీరు బల్లమీదిది దించుకున్నారు."

"మాకు అర్థం కాలేదు సార్. మీకు అయిందిగా?" అంది కుమారి.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "అయిందమ్మా."



"మీ హాల్ టికెట్లు కరస్పాండెంటు గారి బీరువాలో ఉన్నాయి" అన్నాడు. "సాక్ష్యం చెప్పిన రోజు సాయంత్రం ఇస్తారట. నన్ను ఇంకేం అడగొద్దు."

"ఒక్కటే అడుగుతాను సార్" అన్నాడు బర్నబాస్. "ఈ కాయితం నాకు చదవడం నేర్పండి. దించడం కాదు. చదవడం."

 మాస్టారు లేచి కిటికీ మూశాడు. నోటుబుక్కు దగ్గరికి లాక్కుని మొదటి మాట కింద వేలు పెట్టాడు. ఇది ఎవరు చేసినట్టు, ఇది ఎవరికి చేసినట్టు, ఈ మాట ఇక్కడెందుకుంది, తీసేస్తే ఏమవుతుంది, అన్నీ చెప్పాడు. రెండేళ్లలో ఆయన చెప్పిన మొదటి పాఠం అదే. అదీ తలుపు గడియ పెట్టుకుని.

ఆదివారం ప్రార్థన అయ్యాక పాలెమంతా చర్చి అరుగు దగ్గర కూడింది. బర్నబాస్ లేచి నిలబడి దాచకుండా మొత్తం చెప్పాడు. తాను రాసింది, రాసినప్పుడు తెలియనిది, ఇప్పుడు తెలిసింది.

"నువ్వు రాయకపోతే ఇంకోడు రాసేవాడులే" అని ఎవరో సర్దబోయారు.

"సర్దొద్దు" అంది రాహేలు. కొడుకు మొహం చూడకుండానే అంది.

బసవమ్మ కర్ర పట్టుకుని లేచింది. "నా మొగుడికి అరెకరం ఉండేది అబ్బాయ్. సుబ్బారావు గారి నాన్న కాయితం మీద వేలు అద్దించుకున్నాడు. ఏముందయ్యా అందులో అంటే ఏదో ఉందిలే వెయ్యి అన్నాడు. వేశాం. చేను పోయింది. అప్పుడనుకున్నాం, మన పిల్లలన్నా చదువుకోవాలని." ఆమె బర్నబాస్ దగ్గరికొచ్చి అతని కుడిచెయ్యి ఎత్తి అందరికీ చూపించింది. "నువ్వు చదువుకుని ఏం చేశావురా? నువ్వూ వేలిముద్రే వేశావు. నీ ముద్ర కాస్త అందంగా ఉంది. అంతే."

ఆ మాట అతనికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"విచారణ రోజు అందరం వస్తాం" అంది బసవమ్మ. "నీ కొడుకు ఈసారి ఏం చదువుతాడో విందాం, పదవే రాహేలూ."

విచారణ లోపు మిగతా పదిహేను మందికీ కాయితంలో ఏముందో చేరింది. రేపల్లె కోర్టు ఆవరణలో ఆ రోజు కాలు పెట్టే సందు లేదు. భట్టిప్రోలు కూలీలు ఒకవైపు, తెనాలి నుంచి వచ్చిన విద్యార్థులు ఒకవైపు. సుబ్బారావు కారు గేటు దగ్గర ఆగింది. ఆయన వెనకసీట్లోంచి దిగలేదు. ఇరవై మూడు హాల్ టికెట్లు పట్టుకుని గుమాస్తా ఆ కారు పక్కనే, అందరికీ కనిపించేలా నిలబడ్డాడు.

మొదట నాగుల్ని పిలిచారు.

"ఈ రాత నీదేనా?" సర్కారు ప్లీడరు అడిగాడు.

"నాదేనండి."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

నాగులు కిటికీలోంచి గుమాస్తా చేతిలోని కాయితాలు చూశాడు.

"ఏముందో తెలీకుండా రాశానండి. బల్లమీద రాస్తే దించాను. నాకు ఇంగ్లీషు రాదండి."

హాలు గొల్లున నవ్వింది. "బి.ఏ. చదువుతున్నావు, ఇంగ్లీషు రాదా?" ప్లీడరు వెటకారంగా నవ్వాడు.

"రాదండి. ఎవరూ నేర్పలేదండి."

రెండో సాక్షి కుమారి. అదే ప్రశ్న, అదే జవాబు. మూడు, నాలుగు, ఐదు. నవ్వు సన్నబడింది. పదో సాక్షి దగ్గరికి వచ్చేసరికి హాల్లో ఎవరూ నవ్వడం లేదు. బాపయ్య వంతు వచ్చింది. బోనెక్కి చాలాసేపు నిలబడ్డాడు. మొహమంతా చెమట.

"ఇంగ్లీషు వచ్చా రాదా? చెప్పవయ్యా!"

"రాదండి" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కిటికీ బయట గుమాస్తా ఒక హాల్ టికెట్టు రెండుగా చింపాడు.

చివర బర్నబాస్. ఎదురుగా బోనులో తండ్రి. పెరిగిన గడ్డం, ఎవరో ఇచ్చిన చొక్కా.

"నీకూ రాదంటావా?"

"రాసిన రోజు రాదండి. ఇవాళ వచ్చు."

ప్లీడరు ఆగిపోయాడు. మార్కు తరఫు ప్లీడరు లేచి, అయితే చదవమన్నాడు. బర్నబాస్ కాయితం అందుకుని చదివాడు. ఒక వాక్యం ఇంగ్లీషులో, వెంటనే అదే తెలుగులో. కిటికీల దగ్గర నిలబడ్డవాళ్లు వెనకవాళ్లకు అందించారు. ఆ వెనకవాళ్లు గేటు దాకా అందించారు. మధ్యలో అతను ఆగాడు.

"ఇక్కడ బల్లమీద ఖాళీ ఉందండి. అందరం ఖాళీగానే వదిలాం. ఇప్పుడు ఈ చోట మా నాన్న పేరుంది. ఇరవై మూడు కాయితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. రాతలు ఇరవై మూడు రకాలు. పేరు మాత్రం అన్నిట్లో ఒక్క చేతి రాతే."

మేజిస్ట్రేటు కాయితాలు పరిచి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. విచారణ పదిహేను రోజులు వాయిదా వేశాడు. ముద్దాయి అప్పటిదాకా జైల్లోనే.

మార్కును తీసుకెళుతుంటే కొడుకు దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"బాగా చదివావు" అన్నాడు. అంతే.

బయట గుమాస్తా కాళ్ల దగ్గర తెల్లకాయితం ముక్కలు. జైలు వ్యాను ముందు కూలీలు కూర్చున్నారు. చింపిన టికెట్ల వాళ్లు వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నారు. లాఠీలు లేచాయి. దొరికినవాళ్లని దొరికినట్టు పోలీసు స్టేషనులోకి తోశారు. నలభై మంది పైనే. గదిలో ఊపిరి ఆడడం లేదు. బర్నబాస్ కనుబొమ మీద నెత్తురు గడ్డకట్టింది.

ఎస్సై బల్లమీద ఒక కాయితం, సిరా దిండు పెట్టాడు. "దీని మీద వేలు వేసి ఇళ్లకు పోండి. మళ్లీ రామని రాసిందంతే. రావే ముసలమ్మా, ముందు నువ్వే."

బసవమ్మ ముందుకెళ్లింది. బొటనవేలు దిండు మీద అద్దింది. ఎస్సై కాయితం జరిపాడు. ఆమె వేలు కాయితానికి అంగుళం పైన ఆగింది.

"ఇది ఏ భాషలో ఉందయ్యా?"

"నీకెందుకు? వెయ్యి."

"అబ్బాయ్, బర్నబాసూ! ఇటు రా. ఇందులో ఏముందో చదువు."

కానిస్టేబులు అతని రెక్క పట్టుకున్నాడు. అతను అక్కడినుంచే మెడ చాచి కాయితం చూశాడు. ఒక మాట తెలియలేదు. పక్కనుంచి కుమారి అందించింది. ఇద్దరూ కలిసి పైకి చదివారు.

"కర్రలు, కొడవళ్లు పట్టుకుని కోర్టు మీదికి వచ్చామని ఒప్పుకుంటున్నాం... ఇంకా..." బర్నబాస్ ఆగాడు. "ఇక్కడ ఖాళీ ఉంది మామ్మా. గీత గీసి వదిలారు."



"ఖాళీ ఉందా?" అంది బసవమ్మ. సిరా వేలు కాయితం మీంచి పక్కకు జరిపింది. వెనక్కి తిరిగి, స్టేషనుకు కొత్తగా వేసిన తెల్లసున్నం గోడకు ఆ వేలు ఒత్తి తుడిచింది. "రాహేలూ, రావే. నీ వంతు."

రాహేలు వచ్చింది. వేలు అద్దింది. గోడకు తుడిచింది. తరవాత నాగులు. తరవాత, సంతకం చేయడం వచ్చిన బాపయ్య కూడా వేలే అద్దాడు. ఎస్సై అరుస్తూనే ఉన్నాడు. వరస ఆగలేదు. బల్లమీది కాయితం మీద ఒక్క వేలిముద్రా పడలేదు.

రేపల్లె సబ్ జైల్లో చోటు చాలలేదు. బర్నబాస్‌తో పాటు సగం మందిని బాపట్ల వ్యాను ఎక్కించారు. వ్యాను కదిలాక కానిస్టేబులు బకెట్టు తెచ్చి గోడ కడగడం మొదలుపెట్టాడు. కడిగినకొద్దీ సిరా సున్నంలోకి పాకింది.

వ్యానులో ఇనపజాలీకి ఆనుకుని కూర్చున్న బసవమ్మ మోచేత్తో బర్నబాస్‌ను పొడిచింది.

"పదిహేను రోజులు టైముందిగా. నాకూ చదువు చెప్పు. ముందు, ఖాళీ ఎట్టా ఉంటుందో చూపించు."