వంకర గూటి రాయి

మా ఇంటి నడిమి గోడలో, అటూ ఇటూ తెరిచి ఉండే ఒక వంకర గూడు ఉండేది. వెనకటికి స్పెయిన్‌లో సన్యాసుల్ని సర్కారు వెళ్ళగొట్టగానే మా కటలూనియా కొండల్లోని కార్తూసియన్ క్రైస్తవ మఠం మీద ఊరు ఊరంతా పడి, దొరికిన రాయి దొరికినట్టు పట్టుకుపోయింది. గూడు తొలిచిన ఈ రాయిని మా మామగారి తాత బండికెత్తి తెచ్చాడట. ఆ మఠంలో ఎవరి గది వారిది, ఎవరి మౌనం వారిది. బయటివాడు గూట్లో రొట్టె పెడితే లోపలి సన్యాసి తీసుకునేవాడు. గూడు మధ్యలో మలుపు తిరిగి ఉంటుంది కాబట్టి ఒకరి ముఖం ఒకరికి కనబడదు.

వాళ్ళు దేవుడి కోసం చేసింది మా ఇంట్లో పంతం కోసం చేశారు. తమ నాన్న వేసిన తోటని అన్న లిబోరి కొట్టించాడని మా ఆయన ఎవుదాల్ద్ ఏడేళ్ళుగా అతనితో మాట్లాడలేదు. గోడకి అటు బావగారు, ఇటు మేము. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి కదా అని రోజూ గూట్లో పళ్ళెం పెట్టేదాన్ని. గట్టిగా కాల్చిన రొట్టె, దాని మీద వెల్లుల్లి, టమాటా రుద్ది. కడిగిన పళ్ళెం తిరిగి వచ్చేది. మా ఆయన చూసీ చూడనట్టుండేవాడు.

ఈ వేసవిలో మఠం శిథిలాలు బాగుచేసే ఎలిసెండా వచ్చింది. "అక్కడ ఇలాంటి గూడు ఒక్కటీ మిగల్లేదండీ, ఇస్తే దాని చోట పెడతాం," అంది. అన్నదమ్ములిద్దరూ మారుమాట లేకుండా సంతకాలు పెట్టేశారు.

"రాయి తీయగానే కన్నం మూసేస్తా," అన్నాడు మా ఆయన.

"మరి ఆయన తిండో?"

"నాకెందుకు? ఆ గడప తొక్కావో, మళ్ళీ ఈ గడప తొక్కకు!"

"ఛీ, మీ వంశానికో దండం! ఆ సన్యాసులే నయం, వారానికొకసారైనా కబుర్లు చెప్పుకునేవాళ్ళు."

సోమవారం రాయి తీశారు. మా ఆయన సిమెంటు కలిపి, ఇటుక పట్టుకుని వంగాడు. కన్నం ఇప్పుడు తిన్నగా ఉంది. అటువైపు బావగారు కూడా తాపీతో సిద్ధం! ఖర్మ, ఖర్మ!

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బావగారి బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"నీ పళ్ళేవి, అన్నా?" అనేశాడు మా ఆయన.

"ఊడి నాలుగేళ్ళయింది."

నేనూ కన్నం దగ్గరికి వంగాను. "మరి నేను పంపిన రొట్టెలు?"

"కోళ్ళు తిన్నాయమ్మా."

"నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పొచ్చు కదా, బావగారూ!"

"చెబితే నేనే ముందు మాట్లాడినట్టవదూ?"

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మా ఆయన ఇటుక కింద పడేసి, సిమెంటు చేతులతోనే పొయ్యి మీది సూపు గిన్నెలో పోసి కన్నంలోంచి చాపాడు. అన్న అందుకున్నాడు, తమ్ముడు వదల్లేదు. చేతులు కాలుతున్నా ఇద్దరూ అలాగే పట్టుకు నిలబడ్డారు, మొండి వెధవలు.