అమ్మ ఒళ్లో ఉన్నదెవరు

టైలరుకి అరవై దాటాక చదువు మీద మోజు పుట్టింది. వంశచరిత్ర ఎలా వెతకాలో నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరాడు. పది పాఠాలు, ప్రతి పాఠానికీ హోంవర్కు. బళ్లో ఏనాడూ హోంవర్కు జోలికి పోని మహానుభావుడు ఇప్పుడు చెవి మీద పెన్సిలు పెట్టుకుని, బట్టలు కత్తిరించే బల్ల మీదే నోట్సు రాస్తున్నాడు.

"ఈ వయసులో ఎందుకండీ ఈ అవస్థ?" అంది కాజాలు కుడుతున్న భార్య.

"ఫోటోలో ఉన్నది నేనేనని రుజువు చేసి, సర్టిఫికెట్టుతో సహా మా అక్కకి చూపిస్తాను."

గొడవల్లా ఆ ఫోటోతోనే. వాళ్లమ్మది మిగిలింది అదొక్కటే. ఒళ్లో పసిబిడ్డ. ఆ బిడ్డ నేనంటే నేనని అక్కాతమ్ముళ్లు తొమ్మిదేళ్ల కిందట మాటా మాటా అనుకున్నారు. అప్పట్నించి మాటల్లేవు. ఫోటో మాత్రం ఈయన వదల్లేదు. అమ్మ ఈయన ఐదో ఏటే పోయింది, ముఖమైనా సరిగా గుర్తులేదు. ఆ ఒడి కూడా తనది కాదంటే ఎలా తట్టుకోగలడు?

నాలుగో పాఠంలో పంతులమ్మ, పాత ఫోటోని ఫ్రేములోంచి తీసి అంచులు కూడా చూడమంది. టైలరు మేకులు ఊడదీశాడు. ఇన్నేళ్లూ చెక్క కింద దాగిన అంచులో, అమ్మ వెనక, నాన్న కుట్టుమెషిను కనిపించింది. చేత్తో తిప్పేది.

చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టేశాడు. ఆ చేతిమెషిను ఇచ్చేసి నాన్న కాలిమెషిను తెచ్చింది ఈయన పుట్టకముందే. "కడుపులో ఉండగానే ఇంటికి కాలిమెషిను తెప్పించినవాణ్ణి" అని షాపుకొచ్చిన ప్రతివాడి దగ్గరా గొప్పలు పోయింది కూడా ఈయనే మరి.

"మళ్లీ బిగించేస్తారా? సుత్తి ఇవ్వనా?" అంది భార్య, నవ్వాపుకుంటూ.

"వద్దులే. ఆ సంచీ ఇటివ్వు."

తలుపు తీసిన అక్క ఎగాదిగా చూసింది. "దారి తప్పి వచ్చావా?"

టైలరు కుర్చీలో కూర్చోకుండానే ఫోటో ఆమె చేతిలో పెట్టి, మెషిను చూపించాడు. "నువ్వేనక్కా. నేను కాదు."

తొమ్మిదేళ్లుగా ఈ మాట కోసమే కాచుకున్న మనిషి, 'నేను చెప్పలేదూ' అని దులిపేస్తుందనుకున్నాడు. ఆమె ఫోటో చూసింది, తమ్ముడి ముఖం చూసింది.

"పుస్తకం, పెన్సిలు తెచ్చావా?"

"ఉన్నాయి. దేనికి?"

"అమ్మ నిన్ను ఎత్తుకున్నప్పుడు ఫోటో తీసినవాడు లేడు గానీ, పక్కన నేనున్నానురా. నాకప్పుడు ఆరేళ్లు. అమ్మ నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని కాలిమెషిను తొక్కేది. ఆ ఊపుకే నిద్రపోయేవాడివి. కాలు ఆపిందా, లేచి ఇల్లు పీకి పందిరేసేవాడివి. పాపం, కుట్టడానికి బట్ట లేకపోయినా ఊరికే తొక్కుతూ కూర్చునేది."

ఎదుటివాళ్లని ఒక్క మాటా పూర్తి చేయనివ్వని టైలరు ఆ పూట ఒక్కసారైనా అడ్డు తగల్లేదు. అంతా రాసుకున్నాడు. హోంవర్కులో 'ఆధారం' అన్నచోట మాత్రం కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. తర్వాత గుండ్రంగా రాశాడు: కళ్లారా చూసిన మా అక్క.